బటన్ నొక్కుడు మనది.. ఎత్తు వేసుడు ఎవలిది?

అమెరికాల ఏటా ఆగస్టు రాంగనె ఒక వీడియో గేమ్ బజార్ల దిగుతది. పేరు 'మాడెన్ ఎన్ఎఫ్ఎల్'. మన పోరగాళ్లకు ఫ్రీ ఫైర్, బీజీఎంఐ ఎట్లనో అక్కడి పోరగాళ్లకు గది గట్ల. 2025 ఆగస్టుల వచ్చిన 'మాడెన్ ఎన్ఎఫ్ఎల్ 26' గురించి, దాన్ని తయారుజేసిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ ఒక ముచ్చట గొప్పగ చెప్పుకున్నది. ఇగ మీదికెల్లి ఆటల కంప్యూటర్ నడిపె కోచ్‌లు అసలు కోచ్‌ల లెక్కనే ఆలోచిస్తరట. దగ్గర దగ్గర పదేండ్ల అసలు మ్యాచ్‌ల డేటాను మెషీన్‌కు నేర్పినమని, ఏ ఘడియల ఏ ఎత్తు వెయ్యాల్నో అది నేర్చుకున్నదని కంపెనీ మాట. దానికి 'కోచ్ డీఎన్ఏ' అని ఒక పేరు పెట్టింది. ఆటగాళ్ల అలవాట్లకు 'క్యూబీ డీఎన్ఏ' అని ఇంకో పేరు పెట్టింది.

నెల తిరిగిందో లేదో ఇంకో వార్త. గా కంపెనీనే 5,500 కోట్ల డాలర్లకు కొంటున్నమని సౌదీ అరేబియా సర్కారు పెట్టుబడుల ఫండ్, సిల్వర్ లేక్, ట్రంప్ అల్లుడు జారెడ్ కుష్నర్ నడిపె అఫినిటీ పార్ట్‌నర్స్ కలిసి సెప్టెంబర్ 29న ప్రకటించినయ్.

"అమెరికోని ఆట, సౌదోని పైసలు, నడుమ మనకేం లొల్లి?" అని మీరు అడగొచ్చు. రెండు కారణాలు చెప్త. ఒకటి, గీ కంపెనీకి మన హైదరాబాద్ల స్టూడియో ఉన్నది. మన పిల్లలు అండ్ల నౌకరీ చేస్తున్నరు. రెండోది ఇంకా పెద్దది. చెయ్యి మనిషిది, దిమాక్ మెషీన్‌ది అనే పద్ధతి గీ గేమ్‌ల ఇయ్యాల కొత్తగ రాలె. పదిహేనేండ్ల కిందనే షురూ అయింది. మెషీన్ ఇచ్చె సలహా ఎప్పుడు మనకు చదువు చెప్తది, ఎప్పుడు మనల్ని జీతగాళ్లను చేస్తది అని తెలుసుకోవాలంటె గింతకన్న మంచి ఉదాహరణ నాకు దొరకలె. అందుకే రాస్తున్న.

ఆట ఆగినప్పుడే అసలు ఆట

ముందుగాల ఆట అర్థం కావాలె. ఫుట్‌బాల్ అనంగనె మనం కాలుతోని తన్నేది అనుకుంటం. అమెరికా ఫుట్‌బాల్ వేరె. కోడిగుడ్డు ఆకారం బంతిని చేతులల్ల పట్టుకొని ఉరుకుతరు, ఇసురుతరు. దిక్కుకు 11 మంది. ఈ గోల్ గీతకెల్లి ఆ గోల్ గీత దాక 100 గజాలు. బంతి ఉన్న టీంకు నాలుగు ఛాన్సులు. ఆ నాలుగిట్ల 10 గజాలు ముందుకు పోతె మల్ల నాలుగు ఛాన్సులు. పోకపోతె బంతి ఎదుటోని పాలు. ఒక్కో ఛాన్సును 'డౌన్' అంటరు. ప్రో కబడ్డీల రెండు రైడ్లు ఉత్తగ పోతె మూడోది 'డూ ఆర్ డై' గదా. గిక్కడ నాలుగో డౌన్ గట్లాంటిది. దానికి చానసార్లు టీంలు భయపడి, ఛాన్స్ వాడుకోకుండ బంతిని దూరం తన్ని పంపిస్తయ్. ఎదుటోడు మన గీతకు దగ్గర్లకెల్లి షురూ చెయ్యకుండ అన్నట్టు.

ఒక్కో డౌన్ కొన్ని సెకండ్లల్లనే ఖతం అయితది. నడుమ ఆట ఆగుతది. అసలు మతలబు అంత గా ఆగిన కాడనే ఉన్నది. అప్పుడు కోచ్ ఒక 'ప్లే' చెప్తడు. ప్లే అంటె ఎత్తు. ఎవలు ఎటు ఉరకాలె, ఎవలు ఎవలిని అడ్డుకోవాలె, బంతి ఎవలి చేతులకు పోవాలె అని ముందే గీసి పెట్టుకున్న పథకం. ఎదుటి టీం గూడ అదే టైంల తన ఎత్తు ఎంచుకుంటది. నువ్వు బంతి ఇసురుతవని వాడు అనుకుంటె నువ్వు ఉరకాలె. నువ్వు ఉరుకుతవని వాడు ముందుకు గుమిగూడితె నువ్వు ఇసరాలె. క్రికెట్ల బంతి బంతికి ఫీల్డింగ్ మార్చినట్టు, కాకపోతె రెండు దిక్కుల వాళ్లు ఒకలది ఒకలకు కనబడకుండ మారుస్తరు.

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ల 1994 నుంచి బంతి అందుకునే క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్ల రేడియో ఉన్నది. కోచ్ మాట్లాడితె వానికి ఇనబడుతది. కని ఎత్తు షురూ చెయ్యనీకి ఉన్న గడియారంల 15 సెకండ్లు మిగలంగనె ఆ రేడియో బంద్ అయితది. అటెన్క ఎదుటోళ్లు ఎట్ల నిలవడ్డరో చూసి, తేడా ఉంటె ఎత్తు మార్చుడు మైదానంల ఉన్న మనిషి పని. లీగే రూల్ పెట్టి ఆటగాని దిమాక్‌కు 15 సెకండ్లు ఇడిచిపెట్టింది. గీ 15 సెకండ్లను యాది పెట్టుకోండ్రి.

నాలుగు ఎత్తులకెల్లి వందల ఎత్తులకు

1989ల అమెరికాల ఇండ్లల్ల ఆడుకునే నింటెండో మీద 'టెక్మో బౌల్' అని ఒక గేమ్ వచ్చింది. అండ్ల టీంకు నాలుగే ఎత్తులు. కాపాడెటోడు గూడ గవే నాలుగిట్ల ఒకటి ఊహించాలె. సరిగ్గ ఊహిస్తె ఎదుటోని ఎత్తు అక్కడికక్కడ చిత్తు. పిడికిట్ల గవ్వలు పట్టుకొని సరా బేసా అని అడిగినంత సులువు. చిన్న పిల్లగాడు గూడ పది నిమిషాలల్ల నేర్చుకునేటోడు.

మాడెన్ గేమ్ తొవ్వ వేరె. జాన్ మాడెన్ ఓక్లాండ్ రైడర్స్ టీంకు కోచ్. 1977 జనవరిల సూపర్ బౌల్ గెలిపిచ్చిండు. అటెన్క టీవీల ఆట ఇడమరిచి చెప్పుట్ల పేరు వచ్చింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ పెట్టిన ట్రిప్ హాకిన్స్ 1984ల గీయనను కలిసిండు. మాడెన్‌కు విమానమంటె భయం, రైల్ల తిరిగెటోడు. మాట ముచ్చట గూడ రైల్లనే నడిచింది. అప్పటి కంప్యూటర్ల తాకత్ తక్కువ. దిక్కుకు 11 మందిని చూపెట్టుడు కష్టమని, తక్కువ మందితోని చేద్దమని అడిగితె మాడెన్ ఒప్పుకోలె. పదకొండు మంది లేకుంటె అది ఫుట్‌బాలే కాదు, నా పేరు పెట్టొద్దన్నడు. అందుకే గేమ్ 1988 దాక రాలె. మొదటిది యాపిల్ టూ కంప్యూటర్ మీద వచ్చింది. గాయన గీ గేమ్‌ను ఎత్తులు నేర్పెటందుకు, కొత్త ఎత్తు పని చేస్తదో లేదో పరీక్ష చేసి చూసెటందుకు పనికొచ్చె సామాను లెక్క చూసిండు. అంటె పుట్టుకతోని గిది బడి.

అయితె బడి పెరిగి పెరిగి కోట అయింది. ఏటేటా ఎత్తులు కలుపుకుంటపోతె ఒక్కో టీం పుస్తకంల వందల ఎత్తులు చేరినయ్. వాటి పేర్లు ఇంటేనే తల తిరుగుతది. పుట్టినప్పటి సంది ఆట చూసినోనికి ఫికర్ లేదు. కొత్తగ వచ్చిన పిల్లకు, వేరే దేశంకెల్లి వచ్చినోనికి, పొద్దంత పని చేసి రాత్రి అరగంట ఆడుదమని కూసున్నోనికి ఆ పుస్తకం అడ్డంగోడ. ఊకె ఏదో ఒకటి నొక్కుడు, గుడ్డెద్దు చేన్ల పడ్డట్టు. వాళ్లకోసమని మునుపటి గేమ్‌లల్ల 'మాడెన్‌ను అడుగు' అనే సలహా ఉండె. అది ఒక ఎత్తు చూపెట్టేది, తీసుకునుడు ఇడిచిపెట్టుడు మన ఇష్టం.

ఒక్క బటన్ కథ

2010ల వచ్చిన 'మాడెన్ ఎన్ఎఫ్ఎల్ 11'ల కథ మలుపు తిరిగింది. 'గేమ్‌ఫ్లో' అని పెట్టిన్రు. ఒక్క బటన్ నొక్కుతె చాలు. ఇది ఎన్నో డౌన్, ఇంక ఎన్ని గజాలు కావాలె, గోల్ గీత ఎంత దూరం, చూసుకొని గేమే ఒక ఎత్తు తీసుకుంటది. ఏం చెయ్యాల్నో కోచ్ గొంతు మనకు చెప్తది. పుస్తకం తెరిచే పని లేదు, పేర్లు చదివే పని లేదు. మ్యాచ్ జల్ది అయిపోతది. పాత పద్ధతిల ఆడుకుంటనన్నోన్ని ఎవలు ఆపలె, అది గూడ ఉంచిన్రు.

గప్పుడు పాత ఆటగాళ్లు మస్తు తిట్టిన్రు. "ఎత్తు వెయ్యకుంటె ఇంకేం ఆట? బొటనవేలు ఎక్సర్‌సైజా?" అని. నేను వాళ్ల దిక్కు పూరాగ లేను. ఎందుకంటె గా బటన్ గోడల తలుపు తీసింది. తెలిసినోళ్ల ఆటను తెలియనోళ్ల దాక తెచ్చింది. తెలిసినోళ్లకు గట్ల నచ్చకపోవుడు ఎప్పటికి ఉండేదే. అంగన్‌వాడీల పిల్లగానికి బలపం పట్టుకునే చెయ్యి మీద పంతులమ్మ చెయ్యి పెట్టి దిద్దిస్తది. తప్పేం లేదు. తప్పు ఎక్కడంటె, పదో తరగతికి వచ్చినా చెయ్యి తియ్యకపోతె.

గేమ్‌ఫ్లోల నాకు అన్నిటికన్న నచ్చిన సంగతి చెప్త. అది ఎత్తు తీసుకునేది ఒక గేమ్ ప్లాన్‌ల నుంచి. ఆ ప్లాన్ మనం తెరిచి చూడొచ్చు, మార్చొచ్చు. మూడో డౌన్, గజాలు చాన కావాలె అంటె ఏ ఎత్తులు రావాలె? గోల్ గీత పక్కకు వచ్చినంక ఏవి రావాలె? దేనికి ఎక్కువ మొగ్గు ఉండాలె? ఖానకు ఖాన మనమే నింపుకోవచ్చు. అటెన్క మ్యాచ్‌ల మెషీన్ నడిపేది మన ప్లానే.

ఇది ఉత్త గేమ్ ముచ్చట కాదు. అసలు ఫుట్‌బాల్ల బిల్ వాల్ష్ అని శాన్ ఫ్రాన్సిస్కో ఫోర్టీనైనర్స్ కోచ్ ఉండె. మ్యాచ్ మొదట్ల వేసె ఎత్తులను ముందుగాలనే కాయితం మీద వరుసగ రాసుకునేటోడు. మైదానంల జనం మొత్తుకుంటుంటె, గడియారం ఉరుకుతుంటె దిమాక్ వేడెక్కుతది. సల్లగ ఉన్నప్పుడు ఆలోచించినది వేడిల అక్కరకొస్తది అని ఆయన లెక్క. అంటె ముందుగాల ఆలోచించి పని అప్పజెప్పుడు తెలివితక్కువ పని కాదు. అది అసలు తెలివి.

గందుకే నేను ఒకటే కొలత పెట్టుకున్న. ప్లాన్ తెరిచి రాసుకున్నోనికి గేమ్‌ఫ్లో నౌకరు. ప్లాన్ ఎన్నడు తెరవనోనికి గేమ్‌ఫ్లో పటేలు. బటన్ అదే. తేడా అంత ప్లాన్ ఎవలు రాసిన్రు, రాసింది కనబడుతదా లేదా అన్న కాడ ఉన్నది.

మంది చెప్పిందే మంచిదా?

నాలుగేండ్లకు, 2014ల వచ్చిన 'మాడెన్ ఎన్ఎఫ్ఎల్ 15'ల ఇంకో ముందడుగు వేసిన్రు. కోచ్ సలహాతోపాటు, ఇంటర్నెట్ల గేమ్ ఆడె జనం గిసొంటి టైంల ఏ ఎత్తు వేస్తున్నరు, అది ఎంత మందికి పని చేసింది అని చూపెట్టుడు షురూ చేసిన్రు. మంది తెలివి మన అరచేతిల పెట్టినట్టు.

ఇనేటందుకు మస్తుగుంటది. కని జర ఆగి ఆలోచించుండ్రి. ఒక ఎత్తు నూటికి 60 సార్లు పని చేసిందని తెర మీద కనబడ్డది అనుకుందాం. ఎవలి మీద పని చేసింది? అది వస్తదని అనుకోనోళ్ల మీద. రేపటి సంది అందరు గా 60 చూసి అదే ఎత్తు వేస్తె, ఎదుటోడు గూడ గదే గేమ్ ఆడుతున్నడు, వాని తెర మీద గూడ లెక్కలు ఉన్నయ్, దానికే కాపు కాస్తడు. అరవై కాస్త నలభై అయితది. నిరుడు మిర్చికి ధర పలికిందని ఈయేడు ఊరంత మిర్చి వేస్తె మార్కెట్ యార్డుల ఏమైతదో మీకు నేను చెప్పుడు అవసరం లేదు. నిరుటి ధర అబద్ధం కాదు. కని నిరుటి ధర చూసి అందరు ఒక్కటే చేస్తె ఈయేటి ధర అది కాదు.

ఎత్తుల ఆటల 'అన్నిటికన్న మంచి ఎత్తు' అనేది ఉండదు. కలిపి కొట్టుడే ఉంటది. టెక్మో బౌల్ల నాలుగు ఎత్తులల్ల ఒకటి బాగ నడుస్తదని అదే వేస్తె, ఎదుటోడు రెండు మూడు సార్లల్ల పసిగడ్తడు. మంచిది తెలిసి గూడ ఒక్కోపారి రెండోది వేసుడే ఆట. సలహా చెప్పె మెషీన్ గిది మనకు నేర్పకుండ ఉత్త నంబర్ చూపెడ్తె, అది చదువు కాదు, చిట్టీ అందిచ్చుడు.

ఇంకో మాట. గా జనం లెక్కలు ఎక్కడికెల్లి వచ్చినయ్? పైసలు పెట్టి గేమ్ కొని, రాత్రులు కూసోని ఆడినోళ్ల ఆటకెల్లి. వాళ్ల గెలుపు, వాళ్ల ఓటమి కంపెనీ మూటగట్టుకొని మల్ల వాళ్లకే కొత్త సౌలత్ అని అమ్మింది. పాలు మనయి, మజ్జిగ చేసి మనకే అమ్మినట్టు.

మెషీన్ ఎవలి దగ్గర నేర్చుకున్నది?

ఇగ ఇయ్యాలటి ముచ్చటకొద్దాం. పదేండ్ల డేటా నేర్చుకున్నది అంటె మనకు గంభీరంగ ఇనబడుతది. అయితె ఆ డేటాల ఉన్నది ఏంది? అసలు కోచ్‌లు చేసిన పనులు. చేసినయన్ని మంచియేనా?

లెక్కలోళ్లు యాభై ఏండ్ల సంది ఇదే పంచాయితీ పెట్టుకున్నరు. 1971ల వర్జిల్ కార్టర్, రాబర్ట్ మాకోల్ అనే ఇద్దరు ఒక పేపర్ రాసిన్రు. కార్టర్ పట్టణాల ప్రొఫెసర్ కాదు, సిన్సినాటి బెంగాల్స్ టీంల ఆడె క్వార్టర్‌బ్యాక్. 1969 సీజన్ మ్యాచ్‌ల లెక్కలు తీసి, మైదానంల ఏ గజం కాడ బంతి ఉంటె ఎన్ని పాయింట్ల విలువ అని కట్టిన్రు. 2006ల కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్కిలీ ఆర్థికవేత్త డేవిడ్ రోమర్ నాలుగో డౌన్ మీద పేపర్ అచ్చేసిండు. కోచ్‌లు అవసరంకన్న ఎక్కువ భయపడుతున్నరు, ముందుకు పోవాల్సిన కాడ బంతిని తన్ని పంపుతున్నరు అని తేల్చిండు.

ఎందుకు భయపడ్తరో 2009 నవంబర్ 15 నాటి మ్యాచ్ చెప్తది. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ 34–28తోని ముందున్నది. మ్యాచ్ ఖతం కానీకి రెండు నిమిషాలు. నాలుగో డౌన్, 2 గజాలు కావాలె. ఉన్నదేమో సొంత దిక్కు 28 గజాల కాడ. లోకమంత బంతిని తన్ని పంపుతరనుకున్నది. కోచ్ బిల్ బెలిచిక్ ముందుకే పొమ్మన్నడు. కొంచెంల తప్పింది. బంతి ఇండియానాపోలిస్ కోల్ట్స్‌కు పోయింది, వాళ్లు 35–34తోని గెలిచిన్రు. లెక్కలు కట్టెటోళ్లల్ల చానమంది ఆయన చేసింది తప్పు కాదన్నరు. కని టీవీలల్ల, పేపర్లల్ల తిట్లు తప్పలె. లెక్క సరైనదైనా ఫలితం ఎదురు తిరుగుతది. అప్పుడు పేరు పెట్టి అడుగుతె నిలవడి జవాబు చెప్పెటోడు ఒకడు కావాలె. బెలిచిక్ నిలవడ్డడు.

రెండు సంగతులు గిండ్లకెల్లి తీసుకోవాలె. ఒకటి, కోచ్‌లు చేసింది చూసి నేర్చుకున్న మెషీన్ కోచ్‌ల తెలివితోపాటు కోచ్‌ల భయం గూడ నేర్చుకుంటది. నౌకరీ పోతదని తన్ని పంపినోని ఎత్తు గూడ డేటాల 'అనుభవం' లెక్కనే పడుతది. 'అసలు కోచ్ ఏం చేస్తడు' అనేది ఒక ప్రశ్న. 'ఏం చేస్తె మంచిది' అనేది ఇంకో ప్రశ్న. ఎదుటి టీంను నడిపెటందుకు మొదటిది చాలు, ఆట నిజం లెక్క అనిపిస్తది. నాకు సలహా ఇచ్చెటందుకు అది చాలదు. గీ రెండిటిని ఒక్కటే అని అమ్మితె మనం పట్టుకోవాలె.

రెండోది జవాబు. గేమ్‌ఫ్లో కాలంల ఖానలు ఉండె, ఖానల ఎత్తులు ఉండె. 'ఇది ఎందుకొచ్చింది?' అంటె పేజీ తెరిచి చూసుకునే వీలుండె. డేటాల నేర్చుకున్న మెషీన్ల రూల్ గట్ల ఒక కాయితం మీద రాసి ఉండది. లక్షల అంకెలల్ల కలిసిపోయి ఉంటది. కంపెనీ పట్టువట్టి ఇడమరిచి చెప్పెటట్టు కడ్తె తప్ప మనకు తెలియదు.

ఇగ 'క్యూబీ డీఎన్ఏ' సంగతి. ఒక క్వార్టర్‌బ్యాక్ ఒత్తిడి పడ్డప్పుడు ఎట్ల కదులుతడు, ఎప్పుడు బంతి ఇడుస్తడు అన్న అలవాట్లను వాని బొమ్మకు అంటగట్టుడు. మునుపు మనిషి మొఖం అమ్మెటోళ్లు, ఇప్పుడు మనిషి నిర్ణయం తీసుకునే తీరు అమ్ముతున్నరు. మొఖం కాడనే ఎంత కొట్లాట అయిందో యాది చేసుకుందాం. ఇదే కంపెనీ కాలేజీ ఆటగాళ్లతోని గేమ్‌లు చేసేది. పేరు రాయకుండ, అదే నంబర్, అదే పొడుగు, అదే ఆటతీరు పెట్టేది. పిల్లలకు మాత్రం పైస లేదు. 2009ల శామ్ కెల్లర్ అనే మాజీ కాలేజీ క్వార్టర్‌బ్యాక్ కేసు ఏసిండు. బాస్కెట్‌బాల్ ఆటగాడు ఎడ్ ఓబానన్ గూడ కోర్టుకెక్కిండు. 2013ల వచ్చిన 'ఎన్‌సీఏఏ ఫుట్‌బాల్ 14'తోని ఆ గేమ్ ఆగింది. గేమ్ కంపెనీ, లైసెన్స్ కంపెనీ కలిసి 4 కోట్ల డాలర్లకు రాజీ పడ్డయ్. పదకొండేండ్ల తర్వాత, 2024 జులైల 'కాలేజ్ ఫుట్‌బాల్ 25' వచ్చినప్పుడు ఒప్పుకున్న ఒక్కో ఆటగానికి 600 డాలర్లు, ఒక గేమ్ కాపీ ఇచ్చిన్రు. ఎక్కువా తక్కువా అనేది వేరె పంచాయితీ. అడిగితెనే వచ్చింది అనేది అసలు సంగతి. ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్లకు యూనియన్ ఉన్నది కాబట్టి బొమ్మకు పైసలు వస్తున్నయ్. మరి దిమాక్ అలవాటుకు లెక్క ఎట్ల కట్టాలె? కోచ్‌ల ఎత్తుల తీరుకు ఎవలు లెక్క కడ్తరు? గీ ప్రశ్నలు ఇంకా పచ్చిగనే ఉన్నయ్.

ఇంకో దుకాణం లేకుంటె

"నచ్చకుంటె వేరె గేమ్ ఆడుకో" అంటరు కొందరు. మాట బాగనే ఉన్నది, కని వేరె గేమ్ ఏది? 2004ల 'ఈఎస్‌పీఎన్ ఎన్ఎఫ్ఎల్ 2కే5' అని పోటీ గేమ్ వచ్చింది. 20 డాలర్లకే అమ్మిన్రు. జనం ఎగబడ్డరు, మాడెన్ గూడ ధర తగ్గించాల్సి వచ్చింది. అదే ఏడు డిసెంబర్ల ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ ఎన్ఎఫ్ఎల్‌తోని ఒప్పందం చేసుకున్నది. అసలు టీంల పేర్లు, ఆటగాళ్ల పేర్లతోని గిసొంటి గేమ్ చేసె హక్కు ఇగ దానికొక్కదానికే. పోటీ ఖతం. పోటీ చంపి ధర పెంచిన్రని కొన్నోళ్లు కోర్టుకు పోతె, 2012ల 2.7 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. తప్పు చేసినమని మాత్రం కంపెనీ ఒప్పుకోలె.

ఊర్ల ఒక్కటే కిరాణ దుకాణం ఉంటె ధర సంగతే కాదు, ఏ సబ్బు వాడాల్నో గూడ దుకాణపోడే తేలుస్తడు. ఎత్తుల సంగతి గంతే. పోటీ ఉంటె ఒక కంపెనీ మూసిన ప్లాన్ పెడ్తె ఇంకో కంపెనీ తెరిచిన ప్లాన్ పెట్టి మనల్ని పిలుస్తుండె. ఇయ్యాల ఆ భయం లేదు. రేపు యజమాని మారినంక 5,500 కోట్ల డాలర్లు వాపసు రాబట్టుకునే తొందర ఉంటది. గందుకే తెలివైన మెషీన్ వచ్చింది అన్న వార్తను, యజమాని మారుతున్నడు అన్న వార్తను ఇడిగ ఇడిగ చదవొద్దంటున్న.

మరి ఏం అడగాలె?

మెషీన్‌ను బంద్ చెయ్యుమని నేను అంటలేను. అంటె అది ముసలోల్ల ముచ్చట అయితది. మూడు అడగాలె అంటున్న. ఒకటి, సలహా ఇచ్చినప్పుడు ఒక్క ముక్కల కారణం చెప్పాలె. "ఎదుటోడు గీ మ్యాచ్‌ల మూడుపార్లు ముందుకు గుమిగూడిండు, గందుకే ఇసురు" అంటె నేను రేపు నా అంతట నేను గుర్తుపడ్త. రెండు, ప్లాన్ తెరిచి మార్చుకునే హక్కు. అది 2010లనే సాధ్యమైంది, కాబట్టి టెక్నాలజీతోని కాదు అనే సాకు చెల్లది. మూడు, మ్యాచ్ అయినంక లెక్క. ఎన్నిసార్లు మెషీన్ మాట ఇన్న, ఎన్నిసార్లు ఇనలె, ఏది ఏమైంది. మెషీన్ తప్పింది గూడ అండ్ల కనబడాలె. అప్పుడే అది మాడెన్ మొదట్ల అనుకున్న బడి అయితది.

తెరిచి పెట్టుడు సాధ్యమే అనేటందుకు సాక్ష్యం గూడ ఉన్నది. ఎన్ఎఫ్ఎల్‌వర్స్ అని ఒక సోపతిగాళ్ల గుంపు 1999 సంది ప్రతి మ్యాచ్, ప్రతి ఎత్తు లెక్కలను ఇంటర్నెట్ల ఫ్రీగ పెట్టింది. లెక్క ఎట్ల కట్టాల్నో ప్రోగ్రాంలు గూడ బాజాప్తగ తెరిచి పెట్టిన్రు. నాలుగో డౌన్ల పోవాల్నా తన్నాల్నా అనే సూత్రం ఎవలన్న చదవొచ్చు, తప్పుంటె ఎత్తి చూపెట్టొచ్చు. ఎన్ఎఫ్ఎల్ గూడ ఏటా 'బిగ్ డేటా బౌల్' అని పోటీ నడుపుతది. డేటాను కాగుల్ అనే వెబ్‌సైట్ల ఇస్తది. అమెరికోడే కావాలె, పెద్ద కాలేజీల చదవాలె అని లేదు. డిగ్రీ లేకున్న, మండల కేంద్రంల కూసోని పాత ల్యాప్‌టాప్ మీద నేర్చుకునే తమ్ముడు, చెల్లె గూడ గీ డేటా ముట్టుకోవచ్చు. నేను పుస్తకాలు అడుక్కొచ్చుకొని చదువుకున్నోన్ని. తెరిచి పెట్టిన తలుపు విలువ నాకు ఎరుక.

హైదరాబాద్ల గేమ్ స్టూడియోలల్ల నౌకరీ చేస్తున్న, రేపు చెయ్యబొయ్యె పిల్లలకు ఒక్క మాట. సలహా ఇచ్చె బటన్ మీరు కడుతున్నప్పుడు దాని పక్కన 'ఎందుకు?' అనే బటన్ గూడ కట్టుమని మీటింగ్ల అడుగుండ్రి. కొలువు పొయ్యేంత మాట కాదు అది.

ఆడుకునే పోరగాళ్లకు గూడ ఒక పని చెప్త. మీరు ఆడె ఏ గేమ్‌లనన్న 'ఆటో' అని ఉంటె, వారం దినాలు అది బంద్ పెట్టుండ్రి. ఓడిపోతరు. పర్వాలేదు. ఎందుకు ఓడిన్రో కాయితం మీద రాసుకోండ్రి. అటెన్క మల్ల ఆటో పెట్టి, అది ఏం చేస్తున్నదో మీ కాయితంతోని పోల్చి చూడుండ్రి. ఎక్కడ అది మీకన్న తెలివిగ ఉన్నదో తెలుస్తది, ఎక్కడ మీకన్న మొద్దుగ ఉన్నదో గూడ తెలుస్తది. అమెరికా లీగ్ ఆటగానికి 15 సెకండ్లు ఇడిచిపెట్టింది. ఆ పదిహేను సెకండ్లు మనకు ఎవలు ఇయ్యరు. మనమే తీసుకోవాలె.